ఖాళీగా మిగిలిన నాలుగో గడి

ఆ గ్రంథాలయంలో విచారణ బల్ల తలుపుకు ఎదురుగా ఉండదు. మెట్ల పక్కన కొంచెం చాటుగా ఉంటుంది. మరీ ఎదురుగా ఉంటే జనం అడగడానికి సిగ్గుపడతారని, మరీ లోపలికి ఉంటే కనిపించదని, ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఆమె టేపు పట్టి కొలిపించి అక్కడికి జరిపించింది. తలుపు నుంచి పదకొండు అడుగులు. ఆ బల్ల వెనుక ఆమె కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్ళయింది. హాజరుపట్టీలో ఆమెకు వేరే పేరుంది గాని, వచ్చేపోయేవాళ్ళకు ఆమె చీటీలమ్మ.

ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరు ఏ ప్రశ్న అడిగినా అరచేతి వెడల్పున్న చీటీ మీద రాసుకుంటుంది. చీటీకి నాలుగు గడులు. మొదటి దాంట్లో అడిగిన ప్రశ్న, అడిగిన మాటల్లోనే. రెండో దాంట్లో వాళ్ళకు నిజంగా కావలసింది. మూడో దాంట్లో ఇక్కడికి రాకముందు ఎవరిని అడిగారన్నది. నాలుగో దాంట్లో, చెప్పిన జవాబుతో చివరికి ఏం చేశారన్నది.

రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైర్డు డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన ఆమెను ఆటపట్టిస్తుండేవాడు.

"ఏమ్మా, నేను తుమ్మినా చీటీ రాస్తావా?"

"ప్రశ్నలాగా తుమ్మితే రాస్తానండి."

"మరి జవాబు?"

"రుమాలు."

ఆమె నవ్వదు. ఆయనే నవ్వుకుని తన కుర్చీకి పోతాడు.

ఏటా ఒకసారి గ్రంథాలయ శాస్త్రం విద్యార్థులు వస్తారు. వాళ్ళకు ఆమె గంటసేపు పాఠం చెబుతుంది. మనుషులు సమాచారాన్ని ఎలా వెతుక్కుంటారో, దొరికినదాన్ని ఎలా వాడుకుంటారో చెప్పే సిద్ధాంత నమూనాలు అందులోని విషయం. బోర్డు మీద పెట్టెలు గీసి బాణాలతో కలుపుతుంది. అవసరం పుడుతుంది, మనిషి వెతుకుతాడు, దొరుకుతుంది లేదా దొరకదు, దొరికింది వాడతాడు, తృప్తి పడితే ఆగుతాడు, లేకపోతే బాణం మళ్ళీ మొదటికి వెళుతుంది. ఇంకో నమూనాలో మనిషి నడుస్తూ ఒక గండి దగ్గర ఆగిపోతాడు. ఏది అడ్డంగా వేసుకుని ఆ గండి దాటాడన్నదే అక్కడ చూడవలసింది. మరొకటి మనసు సంగతి చెబుతుంది. వెతకడం మొదలుపెట్టగానే బెంగ తగ్గదు, ముందు పెరుగుతుంది. అందరూ అడగడానికి మంచి పుస్తకం దగ్గరికి పోరు, దగ్గరున్న మనిషి దగ్గరికి పోతారు. కొందరు తెలుసుకోవడానికే ఇష్టపడరు.

"మన పని ఎక్కడ మొదలవుతుందో పుస్తకాల్లో వివరంగా ఉంటుంది," అని ముగిస్తుంది. "ఎక్కడ పూర్తవుతుందో అంత వివరంగా ఉండదు. నా చీటీల్లో నాలుగో గడి నూటికి తొంభై పాళ్ళు ఖాళీ."

బల్ల దగ్గర ఆమెకో పద్ధతి ఉంది. అడిగినదానికి అడిగినంతే చెప్పాలి. చెప్పాక మూడు ఊపిర్లు తీసుకునేంతసేపు మాట్లాడకూడదు. చాలామంది అసలు ప్రశ్న ఆ మౌనంలోనే అడుగుతారు. మనమే ముందు మాట్లాడితే వాళ్ళ ప్రశ్న వాళ్ళ నోట్లోనే ఉండిపోతుంది.

ఆమెకు ఒక చెల్లెలు. రెండు బస్సులు మారితే వచ్చే పేటలో, ఇంటి ముందుగదిలో బట్టలు కుట్టే షాపు. ఇద్దరి మధ్య నాలుగేళ్ళ తేడా. చెల్లెలికి నలభై తొమ్మిదో ఏట కంటి డాక్టరు నీటికాసులని చెప్పింది. కంటిలోపలి ఒత్తిడికి నరం కొద్దికొద్దిగా దెబ్బతినే జబ్బు అది. నొప్పి ఉండదు. ముందు పక్కచూపు పోతుంది. నడిమిచూపు చాలాకాలం నిక్షేపంగా ఉంటుంది. రోజూ సాయంత్రం రెండు కళ్ళలో ఒక్కొక్క చుక్క మందు వేసుకోమని డాక్టరు రాసింది.

మూడు నెలలు వేసుకుంది. తరవాత ఒక బుధవారం, పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, విచారణ బల్ల మీది ఫోను మోగింది.

"అక్కా, మిషన్ ఆపి వచ్చాను, ఒక్క మాట చెప్పు. ఈ చుక్కల మందుతో చూపు బాగవుతుందా?"

"నలభై నిమిషాలాగి చెయ్యి. చూసి చెబుతాను."

వేరే పాఠకురాలికైతే ఎలా చూసేదో అలాగే చూసింది. మూడు పుస్తకాలు తీసింది; మూడూ ఒకే మాట చెప్పాయి. ఫోను మళ్ళీ వచ్చేసరికి బల్ల ముందు నలుగురు నిలబడి ఉన్నారు.

"బాగవదు. పోయిన చూపు తిరిగి రాదు."

"కొంచెం కూడానా?"

"కొంచెం కూడా. మూడు పుస్తకాల్లో చూశాను."

ఆమె ఊరుకుంది. మొదటి ఊపిరి తీసుకుంది.

"నేనూ అదే అనుకున్నాను. కాజాల పిన్ని కూడా అదే అంది. సరేలే అక్కా, ఉంటాను."

రెండో ఊపిరికి ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

చీటీ రాసింది. మొదటి గడిలో ప్రశ్న. రెండో గడిలో 'అదే' అని రాసింది. చెల్లెలి మనసులో ఏముందో తనకు తెలియదా అనుకుంది. మూడో గడిలో, షాపులో కాజాలు కుట్టే పిన్ని. ఆ ఆదివారం ఒక పుస్తకంలోని పేజీకి నకలు తీసి పట్టుకెళ్ళింది. 'ఉన్న చూపును నిలపడానికే ఈ మందు' అన్న వాక్యం కింద పెన్సిలుతో గీత గీసింది. "చదువుతాలే," అని చెల్లెలు దాన్ని నాలుగు మడతలు పెట్టి, దారపు కండెలుండే సొరుగులో వేసింది. పాఠకులు తిరిగి వచ్చినప్పుడు తప్పకుండా అడిగే నాలుగో గడి ప్రశ్న చెల్లెలిని అడగలేదు. సొంతమనిషిని ఆరా తీసినట్టుంటుందని అడగలేదు.

ఏడు నెలల తరవాత ఆసుపత్రికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. గుమ్మం ఎడమ పక్క తనకు రెండుసార్లు తగిలిందని, గుమ్మమే ఇరుకైపోయిందని చెల్లెలు దారి పొడుగునా నవ్వుతూ చెప్పింది. చూపు ఎంతమేర అందుతోందో చూపించే పాత పటం, కొత్త పటం డాక్టరు పక్కపక్కన పెట్టింది. ఎడమ కంట్లో నడిమి భాగం తప్ప దాదాపు అంతా నల్లగా ఉంది. కుడి కంట్లో ముక్కు వైపు నలుపు మొదలై సగం దాకా వచ్చింది.

"మందు వేసుకుంటున్నారా?"

"మానేశానండి. ఏడు నెలలైంది."

"ఎవరు మానమన్నారు?"

"ఎవరూ మానమనలేదండి. చూపు బాగవదని మా అక్క చెప్పింది. మరి బాగవనిదానికి చుక్క వేసినప్పుడల్లా ఆ కళ్ళమంట ఎందుకు భరించడం? మా అక్క ఊరికే చెప్పదండీ, మూడు పుస్తకాలు చూసి చెబుతుంది."

ఆ గొంతులో నింద లేదు. పైగా గొప్పగా చెప్పింది. డాక్టరు చీటీలమ్మ వైపు ఒకసారి చూసి, మళ్ళీ పటాల వైపు తిరిగింది. పోయింది పోయినట్టేనని, ఇకనైనా రోజూ వేసుకుంటే మిగిలినది నిలబడవచ్చని, వేసుకోకపోతే రెండు మూడేళ్ళలో మిషన్ మీద కూర్చునే పని ఉండదని చెప్పింది.

బయట వసారాలో బల్ల మీద కూర్చున్నాక చీటీలమ్మ మెల్లగా అంది:

"నువ్వడిగింది బాగవుతుందా అని. మానేస్తే ఏమవుతుందని అడగలేదు కదే."

"అది అడగాలని నాకేం తెలుసక్కా?"

ఎదుటివాళ్ళకు ఏం అడగాలో తెలియదన్న సంగతి ఆమె ఏటా బోర్డు మీద గీసి చూపించేదే.

ఆ తరవాత ఆమె పద్ధతి మారిపోయింది. అడగనివన్నీ చెప్పడం మొదలుపెట్టింది. పెద్ద అక్షరాలతో కాగితం రాసి మిషన్ ఎదురుగా గోడకు అంటించింది. రోజూ సాయంత్రం ఫోను చేసింది. మంట తగ్గాలంటే చుక్క ఎలా వేసుకోవాలో చెప్పింది, వేరే మందులున్నాయేమో డాక్టరును అడుగుదామంది. రెండో వారానికి చెల్లెలు విసిగిపోయింది.

"నీ ఫోను మోగితే గుండె దడదడలాడుతోందక్కా. నువ్వు చెప్పిన ప్రతిదీ నిజమైపోతుంది. కాసేపు చీర సంగతో, కూర సంగతో మాట్లాడరాదూ?"

"పోనీ రోజూ వచ్చి నేనే వేస్తాను."

"రెండు బస్సులు మారి చుక్క వేసి పోతావా? నేనేమన్నా చంటిపిల్లనా? ఇదిగో చూడు." అని సూది తీసి, ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించింది. "నా కళ్ళకేమైంది?"

నడిమిచూపుకు ఏమీ కాలేదని, కాకపోవడమే ప్రమాదమని చీటీలమ్మకు తెలుసు. భయం ఎక్కువైతే మనిషి తెలుసుకోవడం మానేస్తాడని కూడా తెలుసు. ఆ నమూనా ఏ పుస్తకంలో, ఎన్నో పేజీలో ఉందో కూడా తెలుసు. ఆ తెలివితో చేయగలిగింది ఒక్కటే కనిపించింది: చెల్లెలు ఎవరి మాట వింటుందో వాళ్ళ దగ్గరికే పోవడం. కాజాల పిన్ని ఇంటికి వెళ్ళింది.

"నేనేమన్నానమ్మా? మా మరిదికి చుక్కలు మండేవి అన్నాను, అంతే," అంది పిన్ని కంగారుగా.

"మీ మీద నేరం మోపడానికి రాలేదు పిన్నీ. వేసుకోమని మీరు చెబితే వింటుంది."

"చెప్పకేం? రేపే చెబుతా."

పిన్ని మాట తప్పలేదు. మర్నాడు కాజాలు కుడుతూ చెప్పింది: "మీ అక్క చుక్కలు వేసుకోమంటోందే. పాపం, మా ఇంటిదాకా వచ్చింది." చెల్లెలు ఆ సాయంత్రమే ఫోను చేసి, "ఇప్పుడు పేటంతా చాటింపు వేస్తున్నావా?" అని అడిగింది. ఆ పైన పది రోజులు ఫోను ఎత్తలేదు.

మళ్ళీ మాటలు కలిశాక, ఒక శనివారం పొద్దున చీటీలమ్మ వెళ్ళింది. చెల్లెలు ముందుగదిలో రమ్మని పలకరించి మళ్ళీ కాలరు కుట్టసాగింది. మందు సీసా ఆమెకు ఎడమ పక్కన, కిటికీ గట్టు మీద ఉంది. ఒక్కో సీసాలో ఎనభై చుక్కల దాకా ఉంటాయని ఆసుపత్రి నర్సు చెప్పింది. రోజుకు రెండు, నలభై రోజులు. మూత తీసిన తేదీ చీటీలమ్మే దాని మీద రాసిపెట్టింది. అది ముప్పై ఆరో రోజు.

చప్పుడు కాకుండా సీసా తీసి వెలుతురుకు పట్టింది. సగానికి పైనే ఉంది.

మిషన్ ఆగింది.

"అక్కా, ఎక్కడున్నావు? వంటింట్లోనా?" అంది చెల్లెలు, తల ఎత్తి నేరుగా ఎదురుగా చూస్తూ. "నువ్వు బెంగపెట్టుకోకు. చుక్కలు రోజూ వేసుకుంటూనే ఉన్నాను."

చీటీలమ్మ ఆమె ఎడమ భుజానికి మూరెడు దూరంలో నిలబడి ఉంది. ఆసుపత్రిలో పక్కచూపు పరీక్షకు డాక్టరు చేసినట్టు, ఖాళీగా ఉన్న చేతిని మెల్లగా చెల్లెలి చెవి దాకా పైకెత్తింది. చెల్లెలి కళ్ళు కదలలేదు. ఇంకొంచెం ముందుకు తెచ్చింది. కదలలేదు.

సీసాను ఎక్కడిదక్కడ, తేదీ కిటికీవైపు ఉండేలా పెట్టింది. వంటింటి గుమ్మం దాకా ఏడు అడుగులు, చెప్పుల్లేని కాళ్ళతో నడిచింది. అక్కడ ఆగి, గొంతు సవరించుకుంది.

"ఆఁ, వంటింట్లోనే ఉన్నాను," అంది. "మంచినీళ్ళు తాగుతున్నాను."

మిషన్ మళ్ళీ కదిలింది.