భువనగిరి కోట మీద మాట తప్పిన సంబంధం

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఎల్బీనగర్ చౌరస్తాలో ఎప్పుడు చూసినా టెంటు, మైకు, పాట. బంద్ అంటే చాలు, నాయిన దిల్‌సుఖ్‌నగర్‌లోని మా చీరల దుకాణం మూసేసి ర్యాలీలో నడిచి వచ్చేవాడు. పోచంపల్లిలో మగ్గం గుంటలో పెరిగిన మనిషి.

నేను పెళ్ళి చేసుకోవాలనుకున్న అతనిది ఎల్బీనగర్. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. వాళ్ళది గుంటూరు వైపు, అతను పుట్టకముందే ఇక్కడికొచ్చి ఇల్లు కట్టుకున్నారు. వాళ్ళ నాన్న చరిత్ర లెక్చరర్‌గా రిటైరయ్యారు. పెద్దవాళ్ళు కలవాలన్నప్పుడు, ఎవరింటికి ఎవరు ముందు వెళ్ళాలన్న దగ్గరే వ్యవహారం ఆగిపోయింది. చివరికి అతనే అన్నాడు.

"భువనగిరి కోటకి వెళ్దాం. మా నాన్నకి కోటలంటే ప్రాణం. మీ నాన్నకి సొంత ప్రాంతం. అక్కడైతే మాటలు కలుస్తాయి."

మంచి ఉపాయమనే అనుకున్నాను.

ఆదివారం మేమిద్దరం, మా నాన్నలిద్దరూ కారులో బయల్దేరి అబ్దుల్లాపూర్‌మెట్ దాటి పోచంపల్లి మీదుగా వెళ్ళాం. ఊరు రాగానే నాయిన కిటికీలోంచి చెయ్యి చాపి, "గా సందులనే సార్ మా ఇల్లుండె" అన్నాడు. లెక్చరర్ గారు మర్యాదగా తలూపారు.

భువనగిరి కొండంటే ఒకే ఒక్క నున్నటి బండ. ఎక్కుతున్నంతసేపూ లెక్చరర్ గారు చెబుతూనే ఉన్నారు. చాళుక్యులు కట్టించారని, తర్వాత కాకతీయులు ఏలారని, ఆపైన బహమనీలు, గోల్కొండ సుల్తానులు వచ్చారని. బాగా చెప్పారు, అబద్ధమాడను. నాయిన బడిపిల్లాడిలా నోరు తెరుచుకుని విన్నాడు.

మధ్యలో మోకాలు పట్టుకుని ఆగి, "సగం ఎక్కినం సార్, జర కూసుందాం" అన్నాడు.

"ఎక్కినం కాదండీ, ఎక్కాం" అన్నారాయన నవ్వుతూ.

అతనూ నవ్వాడు. నేను చూడగానే ఆపుకున్నాడు. నాయిన కూడా నవ్వాడు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

పైన శిథిలమైన మహల్ నీడలో కూర్చున్నాక నాయిన ఉత్సాహంగా అడిగాడు. "సార్, ఓ కల్లుగీసేటాయన ఫౌజు జమజేసి గీ కోట మీద పడ్డడని మా తాత చెప్పేటోడు. గాయిన సంగతి జర చెప్పుండ్రి."

"అతనా? బందిపోటండీ. మొగలుల కాలం రాతల్లో అలాగే ఉంది. ఇప్పుడు ఉద్యమం పేరు చెప్పి మీవాళ్ళు దొంగల్ని కూడా వీరుల్ని చేస్తున్నారు."

నాయిన మొహంలో వెలుగు పోయింది. "కోట మీద పడ్డోడు దొంగనా సార్? కట్టిచ్చినోడు గూడ ఎవల మీదనో పడే కట్టిచ్చిండు గద. ఆయన రాజెట్లయిండు?"

"మీరిలా మనసుకి తీసుకుంటే ఎలాగండీ? చరిత్ర చరిత్రే. ఆ మాటకొస్తే, మావాళ్ళు వచ్చాకే కదా ఇక్కడ చదువైనా రాతైనా మొదలైంది!"

"మేం రమ్మన్నమా సార్?"

నేను అతని వైపు చూశాను. ఒక్క మాట అంటాడనుకున్నాను. అతను నా దగ్గరకు వంగి, "మీ నాన్నకి చెప్పవా, మా నాన్నకి బీపీ ఉంది" అన్నాడు. అంతే.

ఎక్కడం కంటే దిగడం కష్టమైంది. ఒకచోట లెక్చరర్ గారి చెప్పు జారింది. నాయిన చప్పున ఆయన చెయ్యి పట్టుకుని, తన మోకాలి నొప్పిని పంటి బిగువున ఓర్చుకుని, కింది దాకా దించాడు. దారి పొడవునా ఆయన ఆ చేతిని వదల్లేదు. కింద నేల మీద నిలబడగానే వదిలేశారు.

"మీరు పోండ్రి సార్. మాకు ఊర్ల పనున్నది" అన్నాడు నాయిన. ఊళ్ళో ఏ పనీ లేదు. ఇద్దరం బస్సెక్కి ఇంటికొచ్చాం. దారంతా నాయిన కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు ఆఫీసులో అతను, "ఈ గొడవలు సద్దుమణిగాక చూద్దాం" అన్నాడు. గొడవలు సద్దుమణగకముందే వాళ్ళవైపు అమ్మాయితో అతని పెళ్ళయిపోయింది. నేను ఉద్యోగం మారాను.

తర్వాత ఆ గీతకార్మికుడి గురించి దొరికినవన్నీ చదివాను. సుబేదార్లను గడగడలాడించాడు, నిజమే. వర్తకుల్ని దోచాడు, ఆడవాళ్ళను బందీలుగా పట్టుకుపోయాడు, అదీ నిజమే. ఆ సంగతి నాయినకు చెప్పలేదు. లెక్చరర్ గారికి చెప్పే అవసరమూ రాలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు దుకాణం ముందు నాయిన స్వీట్లు పంచాడు. జనం కొంచెం పలచబడ్డాక మెల్లగా అడిగాడు. "గా పిలగాని పెండ్లయిందట గద?"

"అయ్యింది."

"పోనీ బిడ్డా, మంచిగుండనియ్యి."

నాయినకు అంత తేలిగ్గా వచ్చిన ఆ మాట నా నోటికి ఇప్పటికీ రాదు.