గంటు దాకా నీళ్లు

నా చిన్నప్పుడు మా తాతయ్య నాకు అప్పజెప్పిన మొదటి ఉద్యోగం ఒక పుల్లకు కాపలా కాయడం. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, తొమ్మిదేళ్ల పిల్లకు అది కలెక్టరు ఉద్యోగం కంటే ఎక్కువ. మాది అల్లూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలే పల్లె. మా వైపు నారుమడిని పసిబిడ్డలా చూసుకుంటారు. మొలకెత్తిన వడ్లు చల్లింది మొదలు ఆ నారు నాటుకు వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ అదే ధ్యాస. నారు పోయిందంటే మళ్లీ పోసుకునే వ్యవధి ఉండదు, కాలువ నీళ్లు ఎవరి కోసమూ ఆగవు. ఆ ఏడు మా మూడెకరాల నాటూ ఆ చిన్న మడి మీదే ఆధారపడి ఉంది.

సరిగ్గా అప్పుడే మా తాతయ్య మా మేనత్తను కాన్పుకు పిలుచుకురావడానికి విడవలూరు వెళ్లాల్సి వచ్చింది. రెండు రోజుల ప్రయాణం. వెళ్లేముందు ఒక తుమ్మపుల్లకు కత్తితో గంటు పెట్టి, మడి మధ్యలో రాయితో దిగగొట్టాడు. నీళ్లు ఆ గంటు దాకా ఉండాలి, తగ్గితే మడవ తెరవాలి, గంటు అందుకోగానే మూసెయ్యాలి. గట్టులో నీళ్లు పారడానికి వదిలే సందును మేం మడవ అంటాం. ఇంతే పని. మా అవ్వకు మోకాళ్ల నొప్పులు, గట్ల మీద నడవలేదు. కాబట్టి రాజ్యం నాదే.

మొదటి రోజు పొద్దున్నే వెళ్లి ఆ పుల్ల ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. ఎంతసేపని చూస్తాం? ఇంతలో గట్టు బొక్కలోంచి ఎండ్రకాయ ఒకటి తొంగిచూసింది. దాన్ని పొడవడానికి చేతికి ఏమీ దొరక్క మడిలోకి దిగి ఆ పుల్లనే పీకాను. ఎండ్రకాయ దొరకలేదు. పుల్లను మాత్రం బుద్ధిగా తీసుకొచ్చి ఉన్నచోటే గుచ్చాను. తాతయ్య రాయితో కొట్టి దించిన పుల్ల తొమ్మిదేళ్ల పిల్ల చేతి బలానికి ఎంత దిగుతుంది? గంటు నీళ్లకు నాలుగు వేళ్ల ఎత్తున నిలబడింది. అది నాకు తట్టలేదు. నీళ్లు తగ్గిపోయాయనుకున్నాను. పరుగెత్తుకెళ్లి మడవ తెరిచాను. మధ్యాహ్నానికి నీళ్లు గంటు అందుకున్నాయి. నారు కొసలు కూడా కనబడకుండా మునిగిపోయాయి, కానీ నేను నారు వంక చూస్తే గదా! ఆ రెండు రోజులూ వెంట్రుకవాసి తగ్గకుండా కాపాడాను. ఇంటికొచ్చి అవ్వ దగ్గర గొప్పలు కూడా పోయాను.

రెండో రోజు సాయంత్రం మా తాతయ్య వచ్చాడు. మేనత్తను ఇంట్లో దించి నేరుగా మడి దగ్గరికి వెళ్లి వచ్చాడు. నేను ఎదురెళ్లి "గంటు దాకా ఉండాయి తాతా, చూసినావా?" అన్నాను. "చూసినా" అన్నాడు అంతే. ఆ మొహంలో నాకేమీ తెలియలేదు.

చీకటి పడకముందే అన్నాలకు కూర్చున్నాం. మా అవ్వ నాకు ఎప్పుడూ పెట్టేంత పెట్టింది, తిన్నాను. తాతయ్య నా కంచం వంక చూసి, అంచు దాకా రాలేదు, ఇంకా పెట్టమన్నాడు. అవ్వ పెట్టింది. కష్టపడి తిన్నాను. మళ్లీ పెట్టమన్నాడు. అవ్వ ఆయన వంక వింతగా చూసి గరిటెడు వేసింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కడుపు నిండింది తాతా అన్నాను.

"నువ్వు చెప్తే ఎట్టా? కంచం చెప్పాల గదా" అన్నాడు.

ఒక్క క్షణం నాకు బోధపడలేదు. తర్వాత బోధపడింది. బోధపడగానే ఘొల్లుమన్నాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. నా కంచంలో మిగిలిన అన్నం తన కంచంలో వేసుకుని తిన్నాడు. నారు చచ్చిపోయిందా అని వెక్కుతూ అడిగితే, పొద్దున నువ్వే చూసి చెబుదువుగాని అన్నాడు.

తెల్లారి ఇద్దరం వెళ్లాం. నన్ను మడిలోకి దించి, నా చెయ్యి పట్టుకుని నీళ్లలో పెట్టించాడు. నారు తగిలింది. సన్నగా, పాలిపోయి, పట్టు లేకుండా వాలిపోయి ఉంది. ఒక మూల కుళ్లు వాసన కూడా మొదలైంది. నీళ్లన్నీ ఒక్కసారే తీసేస్తే ఉన్నది కూడా ఒరిగిపోతుందని గట్టుకు చిన్న గండి పెట్టి, పొద్దుగూకేదాకా కొంచెం కొంచెంగా వదిలించాడు. ఆ పుల్లను పీకి పక్కన పారేశాడు. ఇకనుంచి రోజూ పొద్దున మడిని చూసి, నీళ్లు కావాలో వద్దో నేనే చెప్పాలన్నాడు. ఇంత పాడుచేసిన పిల్లకు మళ్లీ అదే పని! నాకు భయమేసింది. అయినా చూడ్డం మొదలుపెట్టాను. ఆకు రంగు, కొస నిలబడే తీరు, మట్టి మీద నెర్రె పడుతోందా లేదా, అన్నీ.

నాలుగో రోజో ఐదో రోజో, కాలువలో నీళ్లొస్తున్నాయి, అందరూ మడవలు తెరుచుకుంటున్నారు. నేను మాత్రం ఇవాళ వద్దు తాతా అన్నాను. ఆయన మారుమాట లేకుండా మడవ మూసేశాడు. పక్క పొలం ఆయన పగలబడి నవ్వాడు.

"ఏందన్నా, చంటిపిల్ల మాట విని మడవ మూసేది నువ్వొకడివే!"

మా తాతయ్య తలపాగా సర్దుకుంటూ, "ఈ పొద్దు మడిలో దిగి చూసింది ఆ పిల్ల. నువ్వు చూసినావా?" అన్నాడు.

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు. కుళ్లిన మూల పోగా మిగిలిన నారు నిలబడింది. చాలని చోట పక్క పొలం ఆయనే నాలుగు కట్టలు ఇచ్చాడు, నవ్వినందుకు శిక్ష అని మా అవ్వ అనేది.

ఇదంతా నేను ఎన్నో ఏళ్లు మరిచిపోయాను. పెళ్లి, పిల్లలు, సంసారం. గుర్తు చేసింది నా ఒంట్లో రక్తం.

మూడేళ్ల కిందట, నాకు అరవై నాలుగు నిండాక, చేతుల మీద ఊరికే నీలం మచ్చలు పడటం మొదలైంది. బిందె ఎత్తితే మచ్చ, తలుపు తగిలితే మచ్చ. తర్వాత పిక్కల మీద ఆవగింజల్లాంటి ఎర్రచుక్కలు, పళ్లు తోముకుంటే నెత్తురు. పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు పన్నెండు వేలన్నారు. దెబ్బ తగిలినప్పుడు నెత్తురు ఆగేలా చేసే కణాలవి, మామూలుగా లక్షన్నర పైన ఉండాలట. మా వైపు ప్లేట్‌లెట్లు అన్నమాట వినబడితే చాలు, డెంగీ అని తీర్మానం చేసేస్తారు. వీధి వీధంతా బొప్పాయి ఆకు రసం మోసుకొచ్చింది. కాదనలేక తాగాను. కడుపు కల్లోలమైంది గానీ అంకె కదల్లేదు. నెల్లూరులో రక్తం జబ్బులు చూసే డాక్టరమ్మ ఎముక మూలుగ దాకా అన్ని పరీక్షలూ చేసి అసలు సంగతి చెప్పింది. నా ఒళ్లే నా ప్లేట్‌లెట్లను పరాయివనుకుని నాశనం చేస్తోందట. ఇది వచ్చిపోయే జ్వరం కాదు, కలిసి కాపురం చెయ్యాల్సిన జబ్బు అని కూడా చెప్పింది.

స్టెరాయిడ్ మాత్రలు వాడాను. అంకె లక్ష దాటింది. ఇల్లంతా పండగ. మాత్ర తగ్గిస్తే మళ్లీ పడిపోయింది. పెంచితే పెరిగింది, తగ్గిస్తే పడింది. ఈలోగా నా మొహం బూరెలా ఉబ్బింది, షుగర్ వచ్చింది, నిద్ర పోయింది. అసలే నోరు ఎక్కువదాన్ని, ఆ మాత్రలతో పూర్తి గయ్యాళినయ్యాను, పాపం మా ఆయన పారిపోవడానికి చోటు లేక వరండాలో పడుకునేవాడు. మూడు రోజులకోసారి నెత్తురు తీయించుకునేదాన్ని. ల్యాబు నుంచి ఫోనుకు అంకె వచ్చేదాకా ఎవరికీ ముద్ద దిగేది కాదు. మాత్ర తగ్గిద్దామని డాక్టరమ్మ అంటే వద్దని కాళ్లావేళ్లా పడ్డాను. ఏమైనా సరే, లక్షన్నర చూడాలి నాకు.

చివరికి ఒకరోజు ఆవిడ నన్నూ, మా అమ్మాయినీ కూర్చోబెట్టి, ఇలా సాగదన్నది. ప్లేట్‌లెట్లు ఎక్కువగా నాశనమయ్యేది ప్లీహంలోనేనట, దాన్ని తీసే ఆపరేషన్ ఉంది. కుదిరితే చాలాకాలం నిశ్చింత, కానీ అందరికీ కుదరదు, ముందుగా టీకాలు వేయించుకోవాలి, బతికినంతకాలం చిన్న జ్వరానికి కూడా జాగ్రత్త పడాలి. వారానికోసారి సెలైన్‌లో ఎక్కించే మందు ఉంది. రోజూ వేసుకునే మాత్ర ఉంది, అది ఎముక మూలుగ చేత ఎక్కువ ప్లేట్‌లెట్లు పుట్టిస్తుంది. దేని మంచి దానిది, దేని చెడ్డ దానిది. మా అమ్మాయి ఆపరేషన్ చేయించేద్దాం, ఒక్కదెబ్బతో పీడ వదులుతుంది అంది. నేను అటో ఇటో తేల్చుకోలేక కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాను.

"అమ్మా, అసలు మీకేం కావాలి?" అని అడిగింది డాక్టరమ్మ.

లక్షన్నర అన్నాను.

"లక్షన్నర పెట్టుకుని ఏం చేస్తారు?" అంది నవ్వుతూ. మీ విషయంలో ముప్పై వేలు దాటి, నెత్తురు కారకుండా ఉంటే నాకు దిగుల్లేదమ్మా, అంకె అంతకంటే పెంచడానికి మీ ఒంటిని ఇంత హింస పెట్టక్కర్లేదు అంది.

ఎక్కడో యాభై ఐదేళ్ల కిందటి నీళ్లు నా చేతికి తగిలినట్టయింది. సన్నగా వాలిపోయిన ఆ నారు. నేను మళ్లీ అదే పని చేస్తున్నాను, ఈసారి మడి నేనే. డాక్టరమ్మ ముందర ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఏడుపయ్యాక చెప్పాను. నాకు నిద్ర కావాలి. మా మనవరాలికి జడ వెయ్యాలి, విసుక్కోకుండా. సాయంత్రం గట్టుమీద నడవాలి. ఆపరేషన్ అంటే భయం, ఆ భయం తీరేదాకా వద్దు. ఆ రోజూ వేసుకునే మాత్ర నాకు పనికొస్తుందా? ఆవిడ శ్రద్ధగా విని, చూద్దామమ్మా, చక్కగా ఆలోచించారు అంది. మా అమ్మాయి మనసు ఇంకా ఆపరేషన్ మీదే ఉంది. దాని భయం దానిది, నేను తప్పుపట్టను. ఇంటికొచ్చాక, "నీ ఒళ్లు నీకు తెలియదా అమ్మా" అంది.

ఆ మాత్రతోనూ తిప్పలు లేకపోలేదు. పాలు, పెరుగు దగ్గర్లో ఉంటే అది పనిచెయ్యదట. పెరుగన్నం లేకుండా బతకని జాతి మాది! ఐదింటికి మాత్ర, ఏడింటికి కాఫీ. ఆ రెండు గంటలూ వంటింటి వైపు వెళ్లను, డికాషన్ వాసన వస్తే తట్టుకోలేను. కాలేయం బాగుందో లేదో మధ్యమధ్య పరీక్ష చేస్తారు. మోకాళ్ల నొప్పికి దుకాణంలో దొరికే బిళ్లలు మింగకూడదు. పన్ను పీకించుకోవాలన్నా ముందు డాక్టరమ్మకు చెప్పాలి. స్టెరాయిడ్ మెల్లగా తగ్గించి మానేశారు. మొహం మామూలైంది. అంకె నలభై వేలు, యాభై వేలు, ఒకసారి ముప్పై ఐదు. లక్షన్నర మళ్లీ చూడలేదు. నిద్ర మాత్రం పడుతోంది.

పోయిన వేసవిలో డెబ్భై వేలు వచ్చింది. అందరం సంతోషించాం. సరిగ్గా నాలుగు రోజులకు పొద్దున్నే నోట్లో బుగ్గ లోపల నల్లటి నెత్తురు పొక్కు తగిలింది. పిక్కలు చూసుకుంటే కొత్త చుక్కలు. మా అమ్మాయి ఫోనులో చూసి, "మొన్ననేగా అమ్మా అంత బాగుండాది" అంది. ఆసుపత్రికి పోదాం, ఇప్పుడే పోదాం అన్నాను. నా గొంతులో ఏం విందో ఏమో, వెంటనే చెప్పులు తొడుక్కుంది. పోయాం. ఎనిమిది వేలకు పడిపోయింది. వారం రోజులు అక్కడే ఉంచి నిలబెట్టారు. ఇంకో పూట ఆగి ఉంటే ప్రాణం మీదికొచ్చేదే.

మా తాతయ్య పోయి నలభై ఏళ్లు దాటింది. ఆయనకు ప్లేట్‌లెట్లంటే తెలియదు, నాకు ఇలాంటి రోగం వస్తుందనీ తెలియదు. నేను పాడుచేసిన మడినే నా చేతికి మళ్లీ ఇచ్చి, నేను చూసి చెప్పిన మాటకు విలువిచ్చాడు. ఆ విలువే ఈ వయసులో నాకు అక్కరకొచ్చింది. ఇప్పటికీ పొద్దున మాత్ర వేసుకుని, వెలుతురు వచ్చాక చేతులు, కాళ్లు, చిగుళ్లు చూసుకుంటాను. ఎన్ని ఉన్నాయో కాగితం చెబుతుంది, దాన్నీ నమ్ముతాను. ఎలా ఉన్నానో మాత్రం నేనే చెప్పాలి.