పాత కొరియా కారు, కొత్త డ్రైవరు, పక్క సీట్లో అత్తమ్మ

ఈ ప్రయాణం భక్తితో మొదలైందని రాస్తే భద్రాద్రి రాముడే నవ్వుతాడు. కోపంతో మొదలైంది. మా ఇంట్లో ఒక చిన్న కొరియా కారు ఉంది. మామయ్య కొన్నది, పదిహేనేళ్ళు దాటింది. ఆయన పోయాక మూడేళ్ళు షెడ్డులో దుమ్ము పట్టి ఉంటే, పోయినేడు నలభై ఒకటో ఏట నేను డ్రైవింగ్ నేర్చుకుని దాన్ని బయటికి తీశాను. ఖమ్మం నుంచి కూసుమంచి బడికి రోజూ దాంట్లోనే వెళ్ళి లెక్కలు చెప్పి వస్తున్నాను. ఇప్పుడు మా ఆయనకు అదే కంపెనీ పెద్ద బండి మీద మనసు పడింది. పాతది ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేద్దామంటారు. పెద్ద బండి వస్తే తాళం ఎవరి జేబులో ఉంటుందో నాకు తెలియదా? నేను మళ్ళీ బస్టాండులో చెమటలు కక్కుతూ నిలబడాలి.

మామయ్య బండి కాబట్టి మాట అత్తమ్మదే. ఆమె సరే అంటే పాత బండి వెళ్ళిపోతుంది, వద్దంటే ఉంటుంది. అడిగితే అత్తమ్మ ఏదీ తేల్చకుండా వాయిదా వేసింది. "భద్రాచలం పోయొచ్చినంక చెప్త. విజయ తీస్కపోతది నన్ను." మా ఆయన పేపరు పక్కన పెట్టి, "విజయనా? ముందు వైరా దాటనీ అమ్మా, తర్వాత భద్రాచలం సంగతి చూద్దాం" అని నవ్వారు. ఆ నవ్వు చాలు నాకు. వేసవి సెలవులే కదా, ఎల్లుండే బయలుదేరుతున్నాం అన్నాను.

మే నెలలో మా వైపు ఎండ ఎట్లా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే తెల్లవారి అయిదున్నరకల్లా ఖమ్మంలో బండి తీశాం. రెండు వేల రూపాయల పెట్రోలు కొట్టించాను, పర్ణశాల దాకా వెళ్ళి రావడానికి దాదాపు సరిపోయింది. భద్రాచలం నూట ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక, అంతే దారి. వైరా చెరువు పక్కన వెళ్తుంటే అద్దాలు దించాం, చల్లటి గాలి కొట్టింది. నీళ్ళు అడుగంటి బురద కనిపిస్తోంది. ఊరు దాటగానే అత్తమ్మ వెనక్కి చూసి, "వైరా దాటినం. వానికి ఫోన్ జేసి చెప్పాల్నా?" అంది. పెదాల మీద నవ్వు లేదు. అది వెటకారమో, నిజంగా అడిగిందో నాకు అర్థం కాలేదు. అత్తమ్మతో వచ్చిన చిక్కే అది, మనసులో ఏముందో ముఖం చెప్పదు.

తల్లాడలో టిఫిను. రోడ్డు మీదే రేకుల కింద సరోజన అని ఒకామె ఇడ్లీ, మిరపకాయ బజ్జీ వేస్తుంది. ఇద్దరికీ కలిపి తొంభై రూపాయలు, పల్లీ చట్నీ ఎంత అడిగితే అంత. ఆమె మా బండిని చూసి గరిటె ఊపింది. "గిదే బండి ఉండె మాకు! మా ఆయన కిరాయికి తిప్పిండు. ఎండల ఏసీ ఏస్తే పెండ్లోళ్ళు దిగుతా అంటే ఒట్టు!"

"మరి ఎందుకు అమ్మారు?" అన్నాను ఆశగా. మంచి మాట ఒకటి అత్తమ్మ చెవిన పడాలని నా తాపత్రయం.

"ఆ గతుకుల రోడ్లల్ల కింద తగులుతుండె అక్కా. నలుగురు బొద్దుగున్నోళ్ళు ఎక్కిన్రంటే బర్రున గీకేది. ఇప్పుడు కొన్నది సుత అదే కంపెనీది, గని ఎత్తు బండి." ఆశ సగం అక్కడే చల్లారింది. అత్తమ్మ మాత్రం రెండో ప్లేటు బజ్జీ చెప్పింది.

ఏన్కూరు దాటాక దారి రెండు వైపులా చెట్లు దగ్గర పడతాయి. అక్కడ అత్తమ్మకు ఆ కంపెనీ కథ చెప్పాను. బండి గురించి రాయాలని నాలుగు రోజులుగా చదివి పెట్టుకున్నాను మరి. కొరియాలో ఒక రైతు కొడుకు ఇల్లు వదిలి పట్నం పారిపోయి బియ్యం కొట్టు పెట్టుకున్నాడు, తర్వాత కార్లు బాగుచేసే షెడ్డు పెట్టాడు. చాలా ఏళ్ళకు కార్ల కంపెనీ పెట్టినా మొదట సొంత బండి లేదు, అమెరికా వాళ్ళ కార్ల భాగాలు తెప్పించి బిగించి అమ్మారు. సొంత కారు చేద్దామనుకున్నప్పుడు కూడా బొమ్మ గీసింది ఇటలీ ఆయన, ఇంజను జపాను వాళ్ళది. అట్లా ఒక్కొక్కటే నేర్చుకుని, తొంభైల చివర మద్రాసు పక్కన ఫ్యాక్టరీ పెట్టి, నెత్తి పొడుగ్గా ఉండే ఈ చిన్న బండిని మన మీదికి వదిలారు. మొదట్లో దాని ఆకారం చూసి నవ్వని వాళ్ళు లేరట. ఎక్కి కూర్చున్నాక మెడ వంచాల్సిన పని లేదని తెలిసి నవ్వడం మానేశారు.

అత్తమ్మ అంతా విని, "బియ్యం కొట్టోడు కార్లు జేసిండా?" అంది. "ఖమ్మంల ఎన్ని బియ్యం కొట్లున్నయ్. ఒక్కడన్న సైకిలు జేసిండా?" నవ్వాపుకోలేక బండి పక్కకు తీసి ఆపాను. నవ్వుతూ నడపడం నాకింకా రాదు.

కొత్తగూడెంలో ఆగలేదు. పాల్వంచ చేరేసరికి ఎనిమిదిన్నర. థర్మల్ పొగ గొట్టాలు దూరం నుంచే కనిపిస్తాయి. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన వాళ్ళతో టీ కొట్టు కిటకిటలాడుతోంది. ఆ గుంపులో మోజెస్ అని ఒకతను మాతో మాట కలిపాడు. అతని బండి ఎదురుగానే ఉంది, మా ఆయన కొందామంటున్న పెద్ద బండే, తెల్లగా మెరిసిపోతోంది. సీట్ల మీద షోరూము ప్లాస్టిక్ కవర్లు ఇంకా అట్లాగే ఉన్నాయి.

"కొని ఎన్నాళ్ళయింది తమ్ముడూ?"

"ఏడాదైతుందక్కా. కవర్లు తీద్దామంటే మా ఆవిడ ఒప్పుకుంటలేదు. చర్చికి పోయేటప్పుడు చెమటకు చీరలు అతుక్కుంటున్నయ్, అయినా తియ్యద్దంటది." బండి ఎట్లా ఉందంటే వేళ్ళు మడిచి చెప్పాడు. ఏసీ బ్రహ్మాండం, స్టీరింగు వెన్న, విడి భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. సర్వీసింగుకు పోతే మాత్రం కొంచెం చురుక్కుమంటుంది. "మైలేజీ అడగకక్కా, పొద్దుపొద్దున ఎందుకు" అని నవ్వి, అత్తమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మా, ఒకసారి ఎక్కి కూసో, సూడు" అన్నాడు.

ఆ మెత్తటి సీట్లో ఒక్క నిమిషం కూర్చుంటే నా పని అయిపోయినట్టే అనుకున్నాను. అత్తమ్మ చెప్పులు విడిచి, తలుపు పట్టుకుని కాలెత్తింది. మోకాలు సహకరించలేదు. రెండోసారి ఎత్తింది. చివరికి నేనొక వైపు, మోజెస్ ఒక వైపు పట్టి ఎక్కించాం. లోపల కూర్చుని చుట్టూ చూసి, "మంచిగున్నది నాయినా, ఇల్లు లెక్కనే ఉన్నది" అంది. దింపడానికీ ఇద్దరం కావాల్సి వచ్చింది. మా బండి దగ్గరికి వచ్చాక మాత్రం తలుపు తెరిచి, తిరిగి, కూలబడి, కాళ్ళు లోపలికి లాక్కుంది. ఎవరూ పట్టుకోలేదు. ఏ బండి నచ్చిందో చెబితే బాగుండేది.

సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కామో లేదో ముందు లారీ ఆగింది. నేను బ్రేకు వేసి క్లచ్చు మరిచిపోయాను, బండి ఎగిరి ఆగిపోయింది. లారీ కదిలి వెళ్ళిపోయింది, మేం మాత్రం అక్కడే. తాళం తిప్పాను, గేరులోనే ఉంది కాబోలు, మళ్ళీ ఎగిరి ఆగింది. వెనక నుంచి హారన్లు. ఇప్పుడు కనుక ఈమె "వద్దులే బిడ్డా, వాన్నే పిలుద్దాం" అంటే అయిపోయింది కథ.

అత్తమ్మ కిటికీ లోంచి తల బయట పెట్టి వెనక్కి చూసింది. "నిదానంగ చెయ్. వాళ్ళేడికి పోతరు, గోదాట్లకా?"

న్యూట్రల్ చేశాను, తాళం తిప్పాను, బండి మారు మాట్లాడకుండా అందుకుంది. వంతెన దాటాం. అవతల అత్తమ్మ చీర కొంగుతో ముఖం తుడుచుకోవడం చూసి, ఆమె కూడా భయపడిందని అప్పుడు అర్థమైంది.

దర్శనం గంటలో అయింది. గుడి మధ్యాహ్నం మూస్తారు కనుక పదకొండు లోపు వరసలో ఉండేటట్టు చూసుకోండి, మెట్లు కాలిపోతాయి. భోజనం చేసి, అత్తమ్మను సత్రం అరుగు మీద కాసేపు నడుం వాల్చనిచ్చి, పర్ణశాల దారి పట్టాం. దుమ్ముగూడెం మీదుగా ముప్పై అయిదు కిలోమీటర్లు. అడవి ఎండిపోయి ఉంది, టేకు ఆకులు రోడ్డు మీద గరగరలాడుతున్నాయి. ఒక మలుపులో ఒకామె తునికి పండ్లు అమ్ముతోంది. పక్కనున్న ముసలామెతో వాళ్ళ భాషలో ఏదో అని నవ్వింది. ఏమంటుందమ్మా అని అత్తమ్మ అడిగితే, ఆ ముసలామె "ఆడోళ్ళిద్దరే వచ్చిన్రు, మొగోడు లేడా అంటున్నది" అని తెలుగులో చెప్పింది. అత్తమ్మ ముప్పై రూపాయల పండ్లు ఒళ్ళో పోయించుకుని, "ఉన్నడు. ఇంట్ల పేపరు సదువుతుండు" అంది.

అయిదు గంటలకు భద్రాచలం తిరిగి వచ్చి, ఇంటి దారి పట్టబోతుంటే ఊరి చివర అత్తమ్మ ఉన్నట్టుండి "ఆపు ఆపు" అంది. రోడ్డు పక్కన చిన్న ఆంజనేయుడి గుడి. ముందు రిబ్బను కట్టిన కొత్త బండికి పూజ జరుగుతోంది. అది అవగానే మా బండిని పెట్టించింది. అయ్యగారు పళ్ళెంతో వచ్చి బానెట్ చూశారు, చుట్టూ తిరిగి వెలిసిన రంగు చూశారు.

"ఇంత పాత బండికి పూజ ఎందుకమ్మా? యాక్సిడెంట్ గిట్ల ఏమన్న అయిందా?"

"బండి పాతదే అయ్యగారూ" అంది అత్తమ్మ. "నడిపేటామె కొత్త."

అయ్యగారు నవ్వి కుంకుమ పెట్టారు, చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టారు. గోత్రం అడిగారు, చెప్పాను. ఎవరి పేరు మీద అన్నారు. మా ఇంట్లో ఏ పూజైనా ఇంటాయన పేరు మీదే. మామయ్య ఉన్నప్పుడు ఆయన పేరు, తర్వాత మా ఆయన పేరు. అలవాటుగా నోరు తెరిచాను. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"విజయలక్ష్మి అని చెప్పుర్రి. బండి ఆమెదే."

అయ్యగారు నా పేరు చదివారు. నా పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఒక వస్తువు ముందు నా పేరు ఒక్కటే గట్టిగా వినిపించడం అదే మొదటిసారి. కళ్ళు మసకబారాయి. ఇక ముందుకు కదిలించి నిమ్మకాయలు తొక్కించమన్నారు. కూర్చున్నాను, గేరు వేశాను, క్లచ్చు వదిలాను. బండి వెనక్కి పోయింది! వెనక కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డ అయ్యగారు ఒక్క గంతులో గుడి అరుగు మీద ఉన్నారు. నిమ్మకాయలు చెక్కుచెదరలేదు. కొత్త బండి వాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు.

"ఇప్పుడే గదనే నీదన్న!" అత్తమ్మ అరిచింది. "అప్పుడే ఎనకకు పోతున్నవ్!"

రెండోసారి సరిగ్గానే వేశాను. నాలుగూ నలిగాయి. అక్కడి నుంచే అత్తమ్మ కొడుక్కి ఫోన్ చేయించింది. "నీ పెద్ద బండి నువ్వు కొనుక్కో బిడ్డా, నేనొద్దన్ననా? గని అండ్ల నేను ఎక్కలేను, విజయను ఎక్కనియ్యవు. గీ బండి జోలికి రాకు." అవతల నుంచి మా ఆయన ఎక్స్‌ఛేంజి బోనస్ గురించి ఏదో మొదలుపెట్టారు. "అవ్ అవ్" అంటూనే ఫోను నా చేతికిచ్చేసింది.

మనం కారు గురించి ఎవరినడిగినా ఏసీ, మైలేజీ, సర్వీసింగు ఇవే చెబుతారు, అవన్నీ నిజమే. ఆ రోజు మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు తిరిగాక నాకు తెలిసింది మాత్రం వేరు. బండి మంచిదా కాదా అన్నది అందులో ఎవరు సుఖంగా ఎక్కగలరు, ఎవరు అడక్కుండా బయటికి తీయగలరు అన్న దాన్ని బట్టి ఉంటుంది. మా అత్తమ్మ ఆ లెక్క పొద్దున్నే వేసుకుని ఉంటుంది, సాయంత్రం దాకా నన్ను ఉడికించింది, అంతే. చీకటి పడే లోపు కొత్తగూడెం అడవి దాటేశాం, ఆమె తునికి పండ్లు తింటూ గింజలు కిటికీ లోంచి ఊస్తూనే ఉంది.

మీరూ భద్రాచలంలో బండి పూజ చేయించుకుంటే ఒక్క మాట వినండి. కొబ్బరికాయ కొట్టే ఆయన్ని బండికి పక్కగా నిలబడమనండి. పేరు అడిగినప్పుడు మాత్రం, నడిపేది ఎవరైతే వాళ్ళ పేరే చెప్పండి.