తోడల్లుడి నీళ్లు

షార్జా అల్ నహ్దాలో ఎవరింటికెళ్లినా, నీళ్లలో ఉప్పు కొలిచే మీటరు జేబులోంచి తీసి గ్లాసులో ముంచందే భుజంగరావు గుక్కెడు తాగడు. సముద్రాన్ని మంచినీళ్లు చేసే ప్లాంటులో ఇంజనీరు మరి! అయినా అత్తగారు ఫోన్ చేస్తే తోడల్లుడు సోమశేఖర్ భజనే చేస్తారు. ఫ్లోరైడుతో కాళ్లు వంకరపోయే వాళ్ల ఊళ్లో ఫిల్టర్ ప్లాంటు కట్టింది అతనే. ఈసారి మామిడి తొక్కుతోపాటు ఆ ప్లాంటు నీళ్లు కూడా ఒక సీసాడు పంపారావిడ. భుజంగరావు మీటరు ముంచాడు. తుడిచి మళ్లీ ముంచాడు. తన ప్లాంటు నీళ్లకంటే తక్కువ ఉప్పు!

"ఎట్లున్నయి మా బావ నీళ్లు?" అంది భార్య కాత్యాయని.

"మీటరు ఖరాబైంది," అన్నాడు మొహం మాడ్చుకుని.

ఆ సాయంత్రం ఇద్దరూ పక్కింటికెళ్తే వాళ్లు మంచినీళ్లిచ్చారు. కాత్యాయని అతని జేబు వైపే చూస్తోంది. భుజంగరావు కళ్లు మూసుకుని గ్లాసెత్తి తాగేశాడు.