పది కలిస్తే ఒకటి

పెనుగొండ దగ్గర పల్లెలో, లూథరన్ మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు రాజరత్నం మాస్టారు. ఆయనకూ భార్య రూబమ్మకూ పిల్లలు లేరు. ఉన్నాడంటే చిన్నప్పట్నించీ ఆయన దగ్గర చదువుకున్న కిరణ్ కుమారే. వాడి తల్లి నాట్లకూ కోతలకూ పోయేది. ఇంటర్ చదివినన్నాళ్ళూ వాడు మాస్టారింట్లోనే అన్నం తిన్నాడు, మాస్టారి సైకిలు మీదే కాలేజీకి వెళ్ళాడు. ఇప్పుడు తణుకులో ఒక షేర్ల బ్రోకరు ఆఫీసులో ఉద్యోగం. ఆదివారం కారేసుకుని గుడికి వచ్చి మాస్టారి పక్కనే కూర్చుంటాడు. అది చూసి రూబమ్మ లోలోపలే మురిసిపోయేది.

రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చిన ఏడాది అతనే ఇంటికొచ్చి మాట కదిపాడు.

"మాంగనీసు గనుల కంపెనీ అండి మాస్టారూ. షేరు ఆరు రూపాయలే. భూమిలో ఉన్న ఖనిజం ఎక్కడికి పోద్దండి? కదపకుండా పదేళ్ళు ఉంచండి, తర్వాత మీరే చూస్తారు."

"బ్యాంకులో ఉంటే నిద్రన్నా పడుతుంది," అంది రూబమ్మ.

"బ్యాంకు వడ్డీ మీ మందులకే చాలదమ్మా."

మాస్టారు నవ్వారు. "మన కిరణు చెబుతున్నాడు కదా," అన్నారు. ఇంక వాదన లేదు. వచ్చినదాంట్లో సగానికి పైగా ఆ గనుల్లోకి వెళ్ళింది.

గని తవ్వకం ఎప్పుడూ వచ్చే ఏడాదే. ఖర్చులకని కంపెనీ మళ్ళీ మళ్ళీ కొత్త షేర్లు అమ్మేది, అమ్మిన ప్రతిసారీ పాత షేరు ఇంకాస్త పలచబడేది. ఆరు రూపాయలది మూడయింది, రూపాయన్నర అయింది, చివరికి ఎనభై పైసలకు దిగింది. అమ్మేద్దామా అని మాస్టారు అడిగినప్పుడల్లా కిరణ్ "లాంగ్ టర్మ్ అండి, ఓపిక పట్టాలి" అనేవాడు. ఓపిక పట్టడం మాస్టారికి కొత్త కాదు. రూబమ్మ మోకాలి ఆపరేషన్ మాత్రం వాయిదా పడుతూ వచ్చింది.

గుడిలో కోతపండుగ ముందు శుక్రవారం, ఊరికే ఫోను తెరిస్తే షేరు ఎనిమిది రూపాయలుంది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఎనిమిదే. పక్కన షేర్లు ఎన్నున్నాయో కూడా రాసి ఉంది గానీ, అటు చూపు పోలేదు. "రూబీ, దేవుడు చూశాడే," అని కేకేశారు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచారు. పోయిందనుకున్నది దేవుడు తిరిగి ఇచ్చాడని, మన కిరణు ద్వారానే ఇచ్చాడని చెప్పారు. గుడి వరండాకు ఫ్యాన్లన్నీ తన కానుకేనన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. పక్కనే కూర్చున్న కిరణ్ కూడా తల వంచుకుని ఆమెన్ అన్నాడు. ఎంత వినయమో అనుకున్నారు మాస్టారు.

మర్నాడు కాసిని షేర్లు అమ్మిద్దామని ఫోను చేస్తే కిరణ్ ఎత్తలేదు. బస్సెక్కి తణుకు వెళ్ళారు. ఆఫీసులో శ్రీదుర్గ అనే అమ్మాయి కంప్యూటరులో చూసి మెల్లగా చెప్పింది.

"ఇది పెరగడం కాదండి. కంపెనీ పది పాత షేర్లు కలిపి ఒక కొత్త షేరు చేసింది. ఎనభై పైసలవి పది కలిస్తే ఎనిమిది రూపాయలు. మీ షేర్లు పదోవంతయ్యాయి. విలువ మాత్రం అంతే అండి."

ఎనిమిదో తరగతి లెక్క. తను బడిలో చెప్పినదే.

"కిరణ్ సార్ చెప్పలేదాండి? ఆయన సొంత షేర్లు రెండేళ్ళ కిందటే అమ్మేశారుగా," అంది ఆ అమ్మాయి, అనకూడనిది అన్నానని తెలియక.

ఆ మాట వినబడే కాబోలు, లోపలి గదిలోంచి కిరణ్ వచ్చాడు. మాస్టారు లేవలేదు.

"ఆదివారం నేను లేచి నిలబడ్డప్పుడు నీకీ సంగతి తెలుసా?"

"తెలుసండి."

"నా చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టలేకపోయావా?"

"అంతమందిలో ఎలా చెప్పమంటారు మాస్టారూ?"

"నీవి అమ్ముకున్ననాడు మన మధ్య అంతమంది లేరుగా."

"నేనే కొనిపించి నేనే అమ్మమంటే మీ దగ్గర నా మాట పోద్దని భయపడ్డానండి. షేరు మళ్ళీ లేస్తదేమోనని చూశాను."

"నీ మాట నిలబెట్టుకోడానికి నన్ను అందులోనే ఉంచావన్నమాట," అన్నారు మాస్టారు. మంచినీళ్ళు తెచ్చిచ్చినా తాగకుండా బస్టాండుకు నడిచారు.

పై ఆదివారం ఆయన మళ్ళీ లేచారు. "పోయినవారం నేను చెప్పింది నిజం కాదు. నా తెలివితక్కువతనాన్ని దేవుడి మేలుగా చెప్పాను. క్షమించండి," అన్నారు. కిరణ్ పేరు ఎత్తలేదు. ఆ పూట అతను రాలేదు. ఫ్యాన్ల సంగతి మర్చిపొమ్మని పాస్టరు ఐజాక్ గారు అన్నా ఒప్పుకోలేదు. ఉన్నవన్నీ అమ్మేశారు. అమ్మేనాటికి ఆ ఎనిమిదీ అయిదయింది. వరండాకు ఫ్యాన్లు బిగించగా మిగిలింది మోకాలి ఆపరేషన్‌కు చాలలేదు. రూబమ్మ కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

క్రిస్మస్ ముందు కిరణ్ కేకు పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"రండి, కూర్చోండి," అన్నారు మాస్టారు.

కిరణ్ మొహం పాలిపోయింది. "నన్ను తిట్టండి మాస్టారూ, కొట్టండి. అండీ అని మాత్రం అనకండి."

రూబమ్మ టీ ఇచ్చింది. సగం తాగి అతను వెళ్ళిపోయాడు.

"చిన్నప్పట్నించీ చేతుల్లో పెరిగినవాడు. అంత దూరం పెట్టాలా?" అంది రూబమ్మ.

"కావాలని అనలేదు రూబీ. రారా అందామనే నోరు తెరిచాను. ఆ మాట రాలేదు."