నీళ్ళను కూర్చోబెట్టిన మనిషి

మా ఊరి నీరుగంటి చనిపోయాడన్న కబురు నాకు తెచ్చినవాడు ఆ కబురు చెప్పడానికి రాలేదు. చెరువు తూము ఇకనుంచి ఎవరు ఎత్తాలో ఒక కాగితం రాయించుకు రమ్మని పంచాయతీ వాళ్ళు పంపితే వచ్చాడు.

"ఎందుకురా, నీరుగంటి ఏమైనాడు?" అన్నాను.

"తెల్లారి పోయినాడు గదా అయ్యోరా. మీకు తెల్దా?"

నాకు తెలియదు. ఆయన ఉండే పాలెం మా ఇంటికి కూతవేటు దూరం. పది రోజులుగా జ్వరమట. ఆ పది రోజులూ నేను అరుగు మీద కూర్చుని పత్రికలు చదువుకుంటున్నాను.

ఆ కాగితం నేను రాయలేదు. ఇది రాస్తున్నాను.

డెల్టా వైపు పాఠకులకు నీరుగంటి అంటే తెలియకపోవచ్చు. చెరువుకట్టను కాచేవాడు, తూము ఎత్తేవాడు, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళో చెప్పేవాడు. తనకు మాత్రం అరెకరం మడి కూడా ఉండదు. మా ఊరు మార్కాపురానికి పడమర, నల్లమల అడుగున. కొండలో పుట్టిన వాగు మా చెరువును నింపి, పాలెం పక్కగా సాగి, గుండ్లకమ్మలో కలుస్తుంది. కలిసేది అనాలి. పాలెం వాళ్ళకు ఆ వాగే గతి. ఊరి బావిలో వాళ్ళు తోడుకోకూడదు. వాగు ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళు చిప్పతో ముంచుకుని కడవ నింపుకుంటారు. హెడ్మాస్టరుగా పనిచేసి, మనుషులంతా సమానమని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి, నేను చూస్తూ ఊరుకున్న సంగతుల్లో ఇదొకటి.

వాగు చచ్చిపోతోందని మొదట గమనించింది ఆయనే. నా చిన్నప్పుడు అది ఉగాది దాకా పారేది. తర్వాత శివరాత్రి దాకా. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజులకు కార్తీకం దాటితే ఇసుకే. నేను పుస్తకాలు తిరగేసి వానలు తగ్గాయని తేల్చాను. ఆయన కొండెక్కి చూసివచ్చి, మా అరుగు కింద మెట్టు మీద కూర్చున్నాడు. అరుగు మీదికి రమ్మని నేనెప్పుడూ అనలేదు.

"వానలు తగ్గలేదయ్యోరా. వచ్చిన నీళ్ళు నిలబడకుండా పరిగెత్తుతుండాయి. వాగు సచ్చేది కింద గాదు, పైన."

ఆ ఎండాకాలం నుంచి ఆయన కొండ మీది చిన్న వంకలకు అడ్డంగా రాళ్ళు పేర్చడం మొదలుపెట్టాడు. మోకాటి ఎత్తు, అంతకు మించదు. రాళ్ళ వెనక మట్టి చేరాక రెల్లు పిలకలు, వావిలి కొమ్మలు నాటేవాడు. దారిన పోయేవాళ్ళు ఎగతాళి చేసేవారు.

"ఏం తాతా, కొండకు మొలతాడు కడుతుండావా?"

"మొలతాడు లేకుంటే గోచి నిలబడదు గదరా!"

నేనూ నవ్వాను. పెద్ద ఆనకట్టల కాలంలో మోకాటి ఎత్తు రాళ్ళేమిటని అడిగాను. దానికి ఆయనిచ్చిన జవాబు నేను చదివిన ఏ గ్రంథంలోనూ లేదు. "నీళ్ళను నిలేసి అడిగితే తోసేసి పోతాయయ్యోరా. కూసోమంటే కూసుంటాయి. వచ్చిన సుట్టానికి మంచం వేసినట్ల, పదిచోట్ల కూసోబెట్టాల."

అలాంటి రోజుల్లో గ్రీసు దేశం నుంచి ఒక అటవీ ఇంజినీరు మా వైపు కొండవాగులు చూడటానికి వచ్చాడు. బ్లాకాఫీసు వాళ్ళు ఆయనకు కొత్తగా కట్టిన పంచాయతీ మేడ చూపించాలని జీపులో తీసుకుపోతుంటే, కొండవాలు మీద రాళ్ళ వరుసలు చూసి జీపు ఆపించాడు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నన్ను పిలిపించారు. ఆ మనిషి వంకలో మోకాళ్ళ మీద కూర్చుని, రాళ్ళ వెనక మట్టిలో మణికట్టు దాకా చెయ్యి దూర్చాడు. చెమ్మ తగిలింది. ఎవరు చేశారిది అని అడిగాడు. "గ్రామస్థుల సహకారంతో..." అని మొదలుపెట్టాడు బ్లాకు ఓవర్సీరు. నేను అడ్డుపడి నీరుగంటిని చూపించాను. నా జన్మలో నేను వేళకు చెప్పిన నిజం అదొక్కటే అనుకుంటాను.

ఆ గ్రీకు మనిషి పాలెంలోకి పోయి, నీరుగంటి మంచం మీద కూర్చుని, చెలమ నీళ్ళు రెండు చెంబులు తాగాడు. నేను వాకిట వేపచెట్టు కింద నిలబడి తర్జుమా చేశాను. వాళ్ళ దేశంలోనూ కొండలు బోడివేనట, వాగులు ఎండాకాలానికి రాళ్ళేనట. గ్రీసు చరిత్ర నేను బాగానే చదివాను. తత్వవేత్తలు గుర్తున్నారు, యుద్ధాలు గుర్తున్నాయి. వాళ్ళకు మేకలున్నాయని మాత్రం తెలియదు.

ఆయన తన ఊరికి తిరిగిపోయి, పద్ధతంతా రాసి పంపమని అడిగాడు. నీరుగంటి మెట్టు మీద కూర్చుని చెప్పాడు, నేను రాశాను. మంచి ఇంగ్లీషులో రాశాను. ఏ వంకతో మొదలుపెట్టాలి, ఏ రాయి అడుగున, ఏ రాయి పైన, ఏ నెలలో ఏ మొక్క, అన్నీ ఉన్నాయి. ఒక్కటి మాత్రం వదిలేశాను. పని మొదలుపెట్టే రోజు నీరుగంటి కొండ మీద పొంగలి పెట్టించి, ఆ వాలున మేకలు తోలే మందల వాళ్ళందరినీ పిలిచేవాడు. ఒక్కొక్కడి చేత అడుగు వరుసలో ఒక్కొక్క రాయి పెట్టించేవాడు. రెండు వానాకాలాలు ఆ పక్కకు మందను తోలబోమని వాళ్ళు ఒప్పుకునేవారు. ఇదంతా పల్లెటూరి తంతు, విదేశీయుడికి రాయదగ్గది కాదు అనుకున్నాను. చదువుకున్నవాడి పొరపాటు అది.

ఏడాదికి జవాబు వచ్చింది. రాళ్ళు పేర్చారట, గడ్డి మొలిచిందట, మేకలు వచ్చి గడ్డి మేసి రాళ్ళు దొర్లించిపోయాయట. ఇంతకూ మీ ఊళ్ళో మేకలను ఏం చేశారని అడిగాడు. నేను చదివి వినిపించగానే నీరుగంటి నా ముఖంలోకి చూశాడు.

"మందల సంగతి రాయలేదా అయ్యోరా?"

"రాయలేదు."

"అసలు పని అదే గదా! రాళ్ళు ఎవుడైనా పేరుస్తాడు. తన చేత్తో పెట్టిన రాయిని తన మేక తొక్కితే ఎవుడూ ఊరుకోడు. అందుకు పెట్టిస్తి."

మళ్ళీ రాశాను, ఈసారి పొంగలితో సహా. అక్కడి మేకల కాపరులు ముందు నవ్వారట, తర్వాత రాళ్ళు పెట్టారట. ఆ గ్రీకు మనిషి ఊరికే పుచ్చుకునేవాడు కాడు. తమ పద్ధతి ఒకటి బొమ్మ గీసి పంపాడు. వరుస మధ్యలో కాస్త పల్లంగా ఉంచాలి, లేకపోతే వరద పక్కగట్లను కోస్తుంది. నీళ్ళు దూకేచోట బల్లపరుపు రాళ్ళు పరవాలి. నీరుగంటి ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ దొర రాయి తెలిసినోడే. నాకు ఇన్నేండ్లు తట్టలా," అని ఆ ఎండాకాలమే వరుసలన్నీ విప్పి మళ్ళీ పేర్చాడు. అన్నేళ్ళ పనిని, ఇంకొకడు చెప్పిన మాట బాగుందని విప్పి మళ్ళీ చేసినవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు. నేను వ్యాసంలో ఒక వాక్యం మార్చమన్నా ఒప్పుకోను.

మూడో ఏటికి మా వాగు శివరాత్రి దాకా పారింది. పాలెం ఆడవాళ్ళు చెలమ మోచేతి లోతు తవ్వితే చాలు, నీళ్ళు ఊరేవి. ఇదంతా జరిగింది. నా కళ్ళతో చూశాను. తర్వాత ఎవరైనా కాదంటారేమోనని రాస్తున్నాను.

ఆ పైన రోడ్డు వచ్చింది. సమితి ప్రెసిడెంటు మా అక్క కొడుకే. మంత్రిగారు వస్తున్నారని, ఊళ్ళోకి కంకర రోడ్డు త్వరగా వేయాలని కాంట్రాక్టరును తొందరపెట్టాడు. కొండ మీద ఏరి పేర్చిపెట్టిన రాళ్ళుండగా కాంట్రాక్టరు కొత్తగా ఎందుకు ఏరిస్తాడు? బండ్లు కొండకు కదిలాయి. మొదటి బండి కదిలిన రోజే నీరుగంటి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యోరా, ఆ దొరకు అన్ని జాబులు రాసినారు. మన ప్రెసిడెంటుకు ఒకటి రాయండి. మీ మాటైతే వింటాడు."

వాడితో నాకు అప్పటికి రెండేళ్ళుగా మాటల్లేవు. గ్రంథాలయం తెరిచిన రోజు నన్ను వేదిక మీదికి పిలవలేదు. వాడే నా గడపలోకి రావాలని నేను పట్టుదలగా ఉన్నాను. "చూద్దాంలే," అన్నాను. సముద్రాల అవతలికి ఆరు ఉత్తరాలు రాసినవాణ్ణి, నాలుగిళ్ళ అవతలికి ఒక్కటి రాయలేదు. మూడు రోజులు ఆలోచించి నాలుగో రోజు స్వయంగా పోయాను. అప్పటికి బండ్లు కొండ దిగాయి.

"ఏంది మామా ఇట్ల వచ్చినావు? గ్రీకు రాజు ఏమన్నా కబురు పంపినాడా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఆ రాళ్ళు తీయించినావేందిరా?"

"రాళ్ళే గదా మామా. కొండ నిండా ఉండాయి."

"ఉండాయి. పేర్చినవి లేవు."

"అయితే మళ్ళా పేర్పిచ్చు. నీ గ్రీకోళ్ళు వస్తారులే కూలికి."

వాణ్ణి నేను క్షమించను. అచ్చులో ఉండాలని ఇక్కడ రాస్తున్నాను. అయితే ఆ బండ్లు తోలినవాళ్ళ సంగతి కూడా రాయాలి. వాళ్ళలో సగంమంది మందల వాళ్ళే, కొండ మీద పొంగలి తిని రాయి పెట్టినవాళ్ళే. నీరుగంటి వాళ్ళను ఒక్క మాట అనలేదు. "పెట్టినోడే తీస్తే ఇంగ ఎవుర్ని అడగాల?" అని మెట్టు మీదినుంచి లేచిపోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి ఎండాకాలం ఒక్కడే కొండెక్కి మళ్ళీ పేర్చాడు. పొంగలికి పిలిస్తే ఎవరూ రాలేదు. "ఇంగో రోడ్డు పడితే మళ్ళా దానికే గదా తాతా," అన్నారు. ఆ సంవత్సరం మొదటి వరద గట్లను కోసి, మట్టినంతా తెచ్చి చెరువులో పోసి, ఆయన పేర్చిన ఆ కొద్ది రాళ్ళనూ దొర్లించుకుపోయింది. ఆ తర్వాత ఆయన కొండెక్కలేదు.

పోయిన చలికాలంలో గ్రీసు నుంచి ఒక ఫొటో వచ్చింది. కొండల మధ్య వాగు, నీళ్ళు, గట్టున మేకలు. ఈసారి నేనే పాలెంలోకి పోయి, గడప దాటి, ఆయన మంచం మీద కూర్చుని చూపించాను. ఏళ్ళు ఆలస్యంగా పోయినవాడికి దక్కే మర్యాద నాకూ దక్కింది. ఆయన కూతురు చెంబుతో నీళ్ళిచ్చింది. తాగాను. అడుగంటిన చెలమ నీళ్ళు, ఉప్పగా ఉన్నాయి.

"ఇది ఏ నెలలో తీసిన పటం అయ్యోరా?"

"వాళ్ళకు వానల్లేని నెలలో."

ఆయన ఫొటోను కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. వాగు మధ్య రాళ్ళ వరుస పల్లంగా ఉన్నచోట వేలు పెట్టాడు. "ఆడన్నా పారుతుంది గదా," అన్నాడు. ఆ మాటలో బాధ లేదు. ఆయనకు అది చాలు. నాకు చాలదు. ఎక్కడో ఒక ఊరి వాగు బతికిందని, మా ఊరి వాగును చంపిన పాపం తగ్గదు. ఇంత చదివి నేను తెలుసుకున్నది అదే.

ఆయన్ను పాలెం చర్చి వెనక పూడ్చారు. సంతాపసభ పంచాయతీ మేడలో జరిగింది. నా మేనల్లుడు మాట్లాడుతూ నీటి కోసం బతికిన మహానుభావుడన్నాడు. నేను మధ్యలో లేచి వచ్చేశాను. గ్రీసుకు ఈ కబురు ఇంకా రాయలేదు. మీ వాగు ఎలా ఉందని ఆయన ప్రతి ఉత్తరంలోనూ అడుగుతాడు.

మొన్న సోమవారం ఈ ఏటి మొదటి వాన పడింది. వాగు ఎర్రగా, అరుస్తూ వచ్చింది. ఊరంతా గట్టు మీదికి చేరింది. మధ్యాహ్నం లోపల అంతా పోయింది. జనమూ వెళ్ళిపోయారు. నీరుగంటి బర్రె ఒకటి గట్టు దిగి, వాగు నడుమ తడి ఇసుకలో పడుకుంది. మూతి ఇసుకకు ఆనించి, ఎంత అదిలించినా కదలలేదు. పలుపు పట్టుకుని ఆయన కూతురు లాగింది, కాసేపు తిట్టింది, చివరికి తానూ దాని పక్కన ఇసుకలో కూర్చుంది.