కారం చేతుల ప్రార్థన

సహోదరులారా, సహోదరీలారా, రాహేలమ్మకి మైకిస్తే తిరిగి ఇవ్వదని మీరంతా నన్ను ఆటపట్టిస్తుంటారు, నేనూ నవ్వేస్తుంటాను, నిజమే కదా మరి! కానీ ఈ నోరే ఒకప్పుడు మూతబడిపోయింది. ఎనభైల్లో, నాకు పద్దెనిమిదేళ్ళు నిండీ నిండని రోజుల్లో, పత్తి తీతల నుంచి మిరప కల్లాల దాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం ముద్ద గొంతు దిగలేదు, అన్నిటికన్నా విడ్డూరం, కంట్లోంచి ఒక్క చుక్క నీరు రాలేదు. మా అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చేది, నేను ఎటో చూస్తూ కూర్చునేదాన్ని. ఏడుపు రాకపోవడం కూడా ఒక రోగమేనని, అది మనిషిని లోపల్లోపలే తినేస్తుందని నాకప్పుడు తెలిసింది. ఆ రోగం నుంచి దేవుడు నన్నెలా బయటికి తెచ్చాడో, ఈ ఊరికి కోడలిగా వచ్చాక ఇంతమంది ముందు ఎప్పుడూ చెప్పలేదు, ఇవాళ చెబుతాను.

అది చెప్పాలంటే ముందు ఒక పిల్లవాడి సంగతి చెప్పాలి.

మా పుట్టిల్లు వినుకొండ దారిలో. అందరం కూలికి పోయేవాళ్ళమే, మిరప కోతలొస్తే పిల్లలం కూడా చేలోకి దిగాల్సిందే. మిరపకాయ కోసిన చేతి సంగతి మీకు నేను చెప్పాలా? సబ్బు పెట్టి రుద్దినా మర్నాటికి కూడా మంట పోదు, పొరపాటున ఆ చెయ్యి కంట్లో పెట్టుకున్నామా, ఇక చూస్కో! అలాంటి కోతల్లో ఒక ఆదివారం గుంటూరు నుంచి ఒక ప్రసంగీకుడు గారు వచ్చి పిల్లలందర్నీ ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన టవున్లో పెరిగిన మనిషి, ప్రార్థనలో పిల్లలు దొంగచూపులు చూస్తారని ఆయనకి తెలుసు గానీ కారం చేతుల సంగతి తెలీదు. "పిల్లలూ, రెండు చేతులతో కళ్ళు గట్టిగా మూసుకోండి" అన్నారు. మూసుకున్నాం. ఇక చూడండి నా తండ్రీ! ఒకరి తర్వాత ఒకరం ఏడుపు అందుకున్నాం, ముక్కులు కారుతున్నాయి, ఎక్కిళ్ళు పెడుతున్నాం, ఆయనేమో ఈ పసిబిడ్డల మీదికి ఆత్మ దిగివచ్చిందని పరవశించిపోయి "ఇంకా ప్రభువా, ఇంకా!" అంటూ ప్రార్థన పొడిగించారు. పెద్దవాళ్ళకి అసలు సంగతి తెలుసు, కానీ దైవసేవకుడు ప్రార్థనలో ఉండగా లేచి అడ్డు చెప్పేదెవరు?

అప్పుడు ఎవరో నా జబ్బ పట్టుకుని లాగారు. మా ఎదురింటి సంతోషమ్మత్త కొడుకు సామేలు, నాకంటే రెండేళ్ళు పెద్ద. అత్త అని పిలవడమే గానీ మాకూ వాళ్ళకీ చుట్టరికం లేదు. వాడు వంగి వంగి నన్ను బయటికి తీసుకుపోయి బోరింగు కొట్టాడు, నీళ్ళు తగిలేసరికి మంట ఇంకా ఎక్కువైంది, నేను కెవ్వుమన్నాను, వాడు హడలిపోయి ఇంటికి పరుగెత్తి గ్లాసుతో మేకపాలు తెచ్చి, తన చొక్కా అంచు ఆ పాలల్లో ముంచి నా కళ్ళ మీద వేశాడు. ఎంత చల్లగా ఉందో! ఆ పాలు వాళ్ళ నాన్న టీకని దాచినవి, సాయంత్రం వాడి వీపు మోగింది, ఆ మోత మా ఇంట్లోకి వినపడింది. మర్నాడు చేలో నా పక్క సాలులోకొచ్చి అన్నాడు: "ఇకనుంచి ప్రార్థనలో చేతులు వెనక్కి పెట్టుకోవే. చేతులెక్కడుంటే ఏంటి, దేవుడికి వినపడుద్దిలే."

మిగతా పిల్లలు కోతలు అయిపోగానే ఆ సంగతి మర్చిపోయారు. మేమిద్దరం మర్చిపోలేదు, ఎండాకాలమైనా వానాకాలమైనా చేతులు వెనక్కి పెట్టుకునే ప్రార్థన చేసేవాళ్ళం. ఇంట్లో వాళ్ళమ్మ చూసి, "ఏంట్రా పోలీసోళ్ళు పట్టుకుపోయే దొంగలాగా ఆ చేతులూ నువ్వూ" అని తిట్టేది, వాడు నవ్వేవాడు. నన్నెవరూ తిట్టలేదు, ఎందుకంటే నేను అందరికన్నా వెనక గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని, అయినా అందరి కళ్ళూ మూసి ఉంటే నా చేతులెవరికి కనపడతాయి?

ఇప్పుడు సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందున్న ఆడపిల్లలు కిసుక్కుమనకండి. పెద్దయ్యాక మేము మాట్లాడుకోవడం మానేశాం, మా పల్లెలో వయసొచ్చిన పిల్లా పిల్లాడూ దారిలో నిలబడి మాట్లాడితే సాయంత్రానికి ఊరంతా పాకిపోతుంది. కానీ గుడిలో మా పాస్టరు అయ్యగారు పెద్ద ప్రార్థన అందుకున్నప్పుడు, అందరి తలలూ వంగినప్పుడు, నేను ఒక కన్ను తెరిచేదాన్ని. మగవాళ్ళ వైపు చివర సామేలు కూడా ఒక కన్ను తెరిచి ఉండేవాడు! చేతులు వెనక్కి పెట్టుకుని, పెదాలు బిగబట్టుకుని, నవ్వు ఆపుకుంటూ. ఆ కాస్తే. ఆమేన్ అనగానే ఇద్దరం కళ్ళు మూసుకుని అప్పుడే తెరిచినట్టు తెరిచేవాళ్ళం. అది పాపమేమోనని నేను చాలాసార్లు భయపడ్డాను, ఇప్పుడు మాత్రం ప్రభువు కూడా ఆ ఇద్దరు పిల్లల్ని చూసి నవ్వుకునే ఉంటాడనిపిస్తుంది.

పదో తరగతి పాసయ్యాక వాడు గుంటూరు వెళ్ళి మిలట్రీ సెలక్షన్లో పరుగెత్తి వచ్చాడు. చేలో పుట్టి పెరిగిన కాళ్ళు, వాళ్ళు తీసుకోకుండా ఉంటారా? సంఘమంతా ప్రార్థన చేసి పంపించాం. ట్రైనింగయ్యాక క్రిస్మస్‌కి సెలవు మీద వచ్చాడు, జుట్టు కురచగా కోయించుకుని, బూట్లేసుకుని, చెంపల మీద కండ వచ్చి, నేను గుర్తుపట్టనట్టు నటించాను. తిరిగి వెళ్ళేముందు రోజు గుడి వెనక బోరింగు దగ్గర నేను బిందె పెట్టుకుని ఉంటే వచ్చి నిలబడ్డాడు. ఏం మాట్లాడాలో నాకు తోచక, "తుపాకీ పట్టుకుంటే చేతులు మండుతాయా?" అని అడిగాను. చూడండి నా తెలివి! వాడు తన చేతుల వంక చూసుకుని, "మన మిరపకాయలే నయమే" అన్నాడు. "మరి ప్రార్థన?" అన్నాను. "వరసలో నిలబెట్టి చేతులు వెనక్కి పెట్టుకోమని వాళ్ళే చెబుతారే. నేను ప్రార్థన చేసుకుంటున్నానని ఒక్కడికీ తెలీదు" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "వచ్చే సెలవుకి మీ నాన్నని అడుగుతా. అప్పటిదాకా ఎవరికీ చెప్పమాక, నేనే చెబుతా" అన్నాడు. "సరే" అన్నాను. సహోదరీలారా, మా ప్రేమకథ అంతే. చెయ్యి కూడా పట్టుకోలేదు.

తర్వాత వాళ్ళ దళాన్ని లంకకి పంపారు. అక్కడ యుద్ధమట. మాకు యుద్ధమంటే ఏం తెలుసు, టీ కొట్టు రేడియోలో వార్తల్లో ఆ పేరు వినపడగానే సామేలు నాన్న గ్లాసు కింద పెట్టి లేచి నిలబడేవాడు, అంతవరకే తెలుసు. పత్తి తీతల్లో తంతి వచ్చింది. సామేలు ఇక లేడు. శవం కూడా రాలేదు, అంత్యక్రియలు అక్కడే చేశామన్నారు, కొన్నాళ్ళకి వాడి సామానుతో ఒక నల్ల ట్రంకు పెట్టె వచ్చింది.

తల్లి ఏడ్చింది. చెల్లెళ్ళు ఏడ్చారు. వరసైనవాళ్ళు, కానివాళ్ళు, ఏడవడానికే వచ్చినవాళ్ళు ఏడ్చారు. నేను ఏమవుతానని ఏడవను? గుండె బాదుకుంటే ఈ పిల్లకెందుకంత ఏడుపని అడగరా? అడిగితే ఏం చెప్పను, ఎవరికీ చెప్పమాక అన్నాడు, నేనే చెబుతా అన్నాడు, ఆ చెప్పేవాడు రాలేదు, నా మాట నాకు తిరిగి ఇచ్చేవాళ్ళు లేరు. ఆ రోజు ఒడి కట్టుకుని పత్తి చేలోకి వెళ్ళాను. అందరితో పాటు పత్తి తీశాను. అప్పుడు మింగిన ఏడుపు లోపల గడ్డకట్టుకుపోయింది.

డాక్టరు గారు రక్తం లేదని టానిక్కు రాశారు. మా నాయనమ్మ గాలి సోకిందని తాయెత్తు తెచ్చింది, మా అమ్మ దాన్ని తీసి పొయ్యిలో వేసింది, దాని మీద ఇద్దరికీ పెద్ద రభస! అయ్యగారు ఉపవాసముండి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. నేను మాత్రం ప్రభువా అనేదాన్ని, ఆ తర్వాత మాట వచ్చేది కాదు. మంచం పట్టేదాకా వచ్చింది, ఈ పిల్ల దక్కదని ఆడవాళ్ళు మా అమ్మ వినకుండా అనుకునేవాళ్ళు, నాకు వినపడేది, వినపడినా దిగులు వేసేది కాదు. అంత చీకట్లో ఉన్నాను.

మిరప కల్లాలొచ్చాయి. ఆరబోసిన కాయల్లోంచి రంగు చెడిన తాలుకాయలు ఏరడం కూర్చుని చేసే పని కాబట్టి మా అమ్మ నన్నూ కూర్చోబెట్టింది. ఒక శుక్రవారం పొద్దువాలాక స్త్రీల కూడిక సంతోషమ్మత్త వాకిట్లో పెట్టారు, కల్లంలోంచి కాళ్ళూ చేతులూ దులుపుకుని అటే వెళ్ళాం. నేను అలవాటుగా అందరికన్నా వెనక కూర్చున్నాను. అయ్యగారి భార్య, మేము అమ్మగారనేవాళ్ళం, ప్రార్థన అందుకున్నారు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు.

ఒక్క సంతోషమ్మత్త మూసుకోలేదు. కొడుకు పోయినప్పటి నుంచి కళ్ళు మూస్తే వాడే కనపడుతున్నాడని ఆమె ప్రార్థనలో కళ్ళు తెరిచే ఉంచేదట, నాకు తర్వాత చెప్పింది. ఆ తెరిచిన కళ్ళకి నేను కనపడ్డాను. వెనక్కి పెట్టుకున్న నా చేతులు కనపడ్డాయి.

నా వెనక ఎవరో చతికిలబడ్డట్టు అనిపించింది. రెండు గరుకు చేతులు నా చేతుల్ని పట్టుకున్నాయి. చెవి దగ్గర గుసగుసగా, "మావాడు నేర్పాడా?" అంది.

తల ఊపాను.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమే తల్లీ?"

అన్ని నెలలు మూతబడిన నోరు, దేవునికే మహిమ, ఎలా తెరుచుకుందో నాకు తెలీదు. "చెప్పమాకన్నాడత్తా. వచ్చాక తనే చెబుతానన్నాడు."

ఆమె నా చేతులు ఇంకా గట్టిగా పట్టుకుంది. తర్వాత అంది: "వాడిక రాడమ్మా. నేను వాణ్ణి కన్నదాన్ని, వాడి తరపున నేను చెబుతున్నాను, నీ మాట తీరిపోయింది." అని నా చేతుల్ని వెనకనుంచి ముందుకి తెచ్చి, అలాగే కారంతో ఉన్నవాటిని, నా కళ్ళ మీద పెట్టి అదిమింది. "ఏడువు. కారం తగిలిందని చెప్పు. ఎవరడుగుతారు?"

మండింది! అబ్బా, ఎంత మండిందో! ముందు మంటకే నీళ్ళొచ్చాయి, ఆ నీళ్ళ వెనకనుంచి అసలువి వచ్చాయి, నేను చిన్నప్పుడు బోరింగు దగ్గర అరిచినట్టు అరిచాను, ఆమె నన్ను ఒళ్ళోకి లాక్కుంది, ఆమె చేతులూ కారమే, ఆమె కళ్ళూ మండాయి, ఇద్దరం ఒకర్నొకరు పట్టుకుని ఊగిపోయాం. అమ్మగారు ప్రార్థన ఆపలేదు. కొందరు కారం తగిలిందేమో, పాలు తెండి అన్నారు. ఆనాడు ఆ ప్రసంగీకుడు గారు కారాన్ని చూసి దేవుడనుకున్నారు, ఈనాడు మా ఆడవాళ్ళు దేవుణ్ణి చూసి కారమనుకున్నారు!

ఆ ఏడుపులోనే నాకు ప్రార్థన తిరిగొచ్చింది. అది ఎలాంటి ప్రార్థనో దాచను. "ప్రభువా, నా కళ్ళు మండితే వాడు పాలు తెచ్చాడే, అక్కడ వాడికి మండినప్పుడు పాలు తెచ్చినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? నువ్వన్నా ఉన్నావా?" అని అడిగాను. దేవుణ్ణి అలా అడగొచ్చా అంటారేమో, నేను అడిగాను. ఉన్నానని స్వరమేమీ వినపడలేదు, అబద్ధం చెప్పను. కానీ సంతోషమ్మత్త నన్ను వదలకుండా పట్టుకునే, "ప్రభువా, ఆ లంకలో కూడా తల్లులుంటారు, వాళ్ళ పిల్లల్నన్నా మిగల్చయ్యా" అని ప్రార్థించింది. కొడుకుని పోగొట్టుకున్న మనిషి! ఆ మాట ఆమె నోట ఎవరు పెట్టారు? నాకు జవాబు అదే అనిపించింది. ఆ పూట ఆమె కలిపిన పచ్చడి మెతుకులు నా గొంతు దిగాయి.

యుద్ధానికి పోయిన బిడ్డ ప్రార్థనవల్ల క్షేమంగా తిరిగొచ్చాడని సాక్ష్యం చెప్పేవాళ్ళని చూశాను, దేవునికి స్తోత్రం, నాకలాంటి సాక్ష్యం లేదు. వాడు రాలేదు. దేవుడు నన్ను తిరిగి తెచ్చాడు, నాకున్న సాక్ష్యం ఇదే. తర్వాత ఈ సంబంధం చూసింది కూడా సంతోషమ్మత్తే. పెళ్ళిచూపుల రోజు మా ఆయన్ని పక్కకి పిలిచి ఉన్నదంతా చెప్పి, ఇష్టమైతేనే చేసుకో అంది. ఆయన, "ఆ అబ్బాయి జ్ఞాపకార్థ కూడికకి ఏటేటా ఇద్దరం వస్తామండి" అన్నాడు. ఇదిగో, మగవాళ్ళ వైపు మూడో వరసలో తలొంచుకుని కూర్చున్నాడు, ఈ మాట చెబుతానని ఆయనకి తెలీదు. ఆమె పోయేదాకా ఏటా వెళ్ళాం, ఇప్పటికీ వెళుతున్నాం. కోతల్లో సండేస్కూలు గుమ్మం దగ్గర పాలగిన్నె ఎందుకు పెడతానని మీరడుగుతారే, అందుకే.

ఇక ఒక్కమాట చెప్పి మైకు ఇచ్చేస్తాను, ఈసారి నిజంగానే ఇస్తాను. మీలో ఎవరైనా, ఫలానావాళ్ళ కోసం ఏడవడానికి నేనేమవుతానని నోరు నొక్కుకుని కూర్చున్నవాళ్ళుంటే, ప్రభువుకి మీ వరసతో పని లేదమ్మా, ఆయన్ని నమ్మండి, ఆ చేతులు ముందుకి తెండి. తేలేకపోతే ఊరికే కూర్చోండి. ఇప్పుడు అయ్యగారు ప్రార్థన చేస్తారు, అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోండి.

నేను మూసుకోను. చూస్తూ ఉంటాను.